అడుగుకి ఒకటి, నెత్తికి రెండు

నేను కోపిష్ఠిదాన్ని. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత మీరు ఆశ్చర్యపోనక్కర్లేదు. గాజువాక దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసే రోజుల్లో పిల్లలు నన్ను చాటుగా చింతబరికె అనేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. అప్పటికి తొమ్మిదేళ్ళుగా పదో తరగతికి ఉపరితల వైశాల్యాల పాఠం చెబుతున్నాను. స్థూపం, శంకువు, గోళం, అర్ధగోళం. నల్లబల్ల మీద ఎడమవైపు బొమ్మ, కుడివైపు సూత్రం, సూత్రం కింద రెండు గీతలు. "ఎందుకూ ఏమిటీ అని అడక్కండి, బట్టీ పట్టండి, పరీక్షలో దించండి" అనేదాన్ని. మా పిల్లలు బాగానే దించేవాళ్ళు. అంచేత నేను లెక్కలు బ్రహ్మాండంగా చెబుతానని నాకు గట్టి నమ్మకం ఉండేది.

ఎనభైల మొదట్లో మాట ఇది. మా ఇంటికి దక్షిణంగా ఉక్కు కర్మాగారం లేస్తోంది. పొద్దస్తమానం లారీలు. తలుపులూ కిటికీలూ బిగించినా ఎర్రదుమ్ము మంచాల మీదికి వచ్చేది. మావారు రేవులో క్రేన్ నడిపేవారు. ఆయన చొక్కాకి ఇనప ఖనిజం దుమ్ము, ఇంట్లో దుప్పట్లకి రోడ్డు దుమ్ము, రెండూ ఒకటే రంగు. కర్మాగారం కోసం చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ళవాళ్ళు తమకిచ్చిన ఇళ్ళస్థలాల్లో పాకలు వేసుకుని, నాగలి పట్టిన చేతులతో సిమెంటు తట్టలు మోసేవాళ్ళు. బస్సులో వాళ్ళు మా పక్కనే నిలబడేవాళ్ళు. నేను చీర కొంగు దగ్గరికి లాక్కునేదాన్ని. సిగ్గుపడాల్సిన విషయమే, అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరుగారు నన్ను ఆపారు. పనివాళ్ళకి రేకుపని నేర్పడానికి ఒక శిక్షణా కేంద్రం పెట్టారట. ఏడాది శిక్షణ, ఆ తర్వాత ఉద్యోగం. భూములు పోయిన కుటుంబాలవాళ్ళు పదో తరగతి దాకా చదివి ఉంటే పరీక్షకి కూర్చోవచ్చట. రేకుపని అంటే తొట్లకీ గొట్టాలకీ గుండ్రటి మూతలకీ కొలత ప్రకారం రేకు కత్తిరించి తొడగడం. కాబట్టి పరీక్షలో సగం ప్రశ్నలు వైశాల్యాల మీదే ఉంటాయని అందరూ అనుకుంటున్నారు.

"ఓ ఆరుగురు ఉన్నారమ్మా. మన మందిరంవాళ్ళు కాదనుకో. ఐనా ఆదివారం మధ్యాహ్నం మన వరండా ఖాళీయే గదా, నీకూ సెలవే గదా," అన్నారాయన.

సెలవని ఆయన అనుకుంటున్నారు. ఆదివారం మధ్యాహ్నం నేను నిద్రపోతాను. కానీ పాస్టరుగారికి కాదని చెప్పే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. సరేనన్నాను.

ఆరుగురూ వచ్చారు. ఐదుగురు పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు. ఆరో ఆయన రైతు. ముప్ఫై నాలుగేళ్ళు, అంటే నాకంటే రెండేళ్ళు పెద్ద. మోచేతుల దాకా ఎండకి కమిలిన చేతులు, చొక్కా జేబులో పెన్సిలు ముక్క. కుర్రాళ్ళు ఆయన్ని బావా అని పిలుస్తూ, ఆయన తప్పు చేసినప్పుడల్లా ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు. పదో తరగతి పరీక్ష రాసి లెక్కల్లో తప్పాడట. ఆ తర్వాత పుస్తకం ముట్టుకోలేదు. కర్మాగారం కింద నాలుగెకరాలు పోయాయి, ఇద్దరు ఆడపిల్లలు ఆయనకి.

మొదటి రోజే అడిగాను, ఇంత వయసులో ఈ పరీక్ష ఎందుకని. అడిగిన పద్ధతి మంచిది కాదు.

"వొయిసు ముప్పై అయిదు నిండితే ఇంక రాయనివ్వరండి. వొచ్చే ఏటికి నాకు నిండిపోతాది. ఇదొక్కటే ఉందండి నాకు. ఇది తప్పితే తట్ట మోసుకుని బతకడమే," అన్నాడు. జాలి కోసం అన్నట్టు లేదు, బస్సు వేళ చెప్పినట్టు చెప్పాడు.

సండే స్కూలు బల్ల మీద పొద్దుటి వాక్యం సగం తుడిచి నా సూత్రాలు రాశాను. కుర్రాళ్ళు రెండు వారాల్లో బట్టీ పట్టేశారు. ఆయనకి మాత్రం ఒక్కటీ నిలవలేదు. గోళం అడిగితే స్థూపం సూత్రం చెప్పేవాడు. శంకువుకి ఏటవాలు ఎత్తు వేయాల్సిన చోట నిలువెత్తు వేసేవాడు. మూడో ఆదివారం నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీ పెద్దమ్మాయిని పంపించండి. ఆ పిల్లకి నేను చెబుతాను, ఆ పిల్ల మీకు చెబుతుంది," అన్నాను.

"అది మూడో కలాసండి," అన్నాడాయన, నేను నిజంగానే అడిగాననుకుని. కుర్రాళ్ళు నవ్వారు. నేను ఆపలేదు.

నాలుగో ఆదివారం చిన్న పరీక్ష పెట్టాను. అందులో ఒక లెక్క నాకు ఇష్టమైనది, తొమ్మిదేళ్ళుగా మా బడిలో ఇస్తున్నదే. ఏడు మీటర్ల వ్యాసార్ధం ఉన్న అర్ధగోళాకారపు కప్పుకి రేకు వేయాలి, ఎంత రేకు కావాలి? అర్ధగోళం కనబడితే మూడు పై ఆర్ స్క్వేర్ వేయమని చెప్పి ఉంచాను. జవాబు నాలుగు వందల అరవై రెండు చదరపు మీటర్లు. ఐదుగురూ అదే రాశారు. ఆయన కాగితం మీద సూత్రం లేదు. గుండ్రటి అడుగుభాగం వైశాల్యం నూట యాభై నాలుగు అని కట్టి, దాని కింద మళ్ళీ నూట యాభై నాలుగు వేసి, కూడి, మూడు వందల ఎనిమిది అని రాశాడు. ఎర్రసిరాతో సున్నా చుట్టాను. సున్నా కొంచెం పెద్దదే చుట్టాను.

"మూడు సార్లు వేయాలని ఎన్నిసార్లు చెప్పాను?"

ఆయన కాగితం కేసి చూశాడు. ఆ తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"మూడోది ఏటికండి?"

"ఏటికేమిటి? అడుగుభాగానికి."

"కప్పుకి అడుగెక్కడుంటాదండి? దాని కింద ఇల్లుంటాది గదా. ఇంట్లోకి అడ్డంగా రేకు ఏత్తామేటండి?"

కుర్రాళ్ళు తమ కాగితాల కేసి చూసుకున్నారు. జవాబు తోచనప్పుడు నేను చేసే పనే చేశాను, ప్రశ్న మార్చాను.

"అది సరే, ఈ రెండైనా ఎక్కడి నుంచి వచ్చింది? అర్ధగోళం నెత్తి భాగానికి సరిగ్గా రెండు అడుగుభాగాలే పడతాయని మీకెవరు చెప్పారు?"

"మా అయ్య సెప్పాడండి. పురి కట్టినప్పుడు."

నేను రేవు పక్కన పాతపట్నంలో పుట్టి పెరిగినదాన్ని. ధాన్యం ఎలా ఉంటుందో పెళ్ళయ్యాక చూశాను. పురి అంటే ఏమిటని అడిగాను. కోత అయ్యాక కల్లంలోనే ధాన్యం రాశి పోసి, దాని చుట్టూ గడ్డితాడు వరస మీద వరస చుట్టుకుంటూ పైకి కడతారట, తిండిగింజలు నిలవ ఉండడానికి.

"సానామంది నెత్తి మీద గడ్డి కప్పీసి వొదిలీస్తారండి. మా అయ్య నెత్తిక్కూడా తాడే సుట్టీవోడు. వాన దిగదని. కల్లం మీద ముందు అడుగు పరవాలి గదండి, సాప నాగ, మజ్జిలోంచి సుట్టుకుంటూ. దానికొక సుట్ట తాడు పడతాది. నెత్తి గుండ్రంగా, సగం బంతి నాగ వొచ్చిందనుకోండి, దానికి రెండు సుట్టలు. ఎప్పుడూ రెండే. కూసింత పల్లంగా కడితే రెండు పట్టవు, మిగిలిపోతాది. అందుకని మా అయ్య ముందే లెక్క కట్టీసి తాడు పేనించీవోడు. అడుక్కి ఒకటి, నెత్తికి రెండు."

"లెక్కంటే తాళ్ళు కాదు," అన్నాను. క్లాసు ముగించి, చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇంటికి వెళ్ళేదారిలో నా లెక్క నాకే వినబడుతోంది. కప్పుకి రేకు వేయాలి. కప్పుకి అడుగు లేదు. తొమ్మిదేళ్ళుగా నేను ఆ ఇంటికి అడ్డంగా రేకు వేయిస్తున్నాను. ఒక్క పిల్ల, ఒక్క పిల్లవాడు అదేమిటి టీచర్ అనలేదు. అనకుండా నేనే తయారుచేశాను. సరిగ్గా రాసినవాడు ఎవడైనా ఉంటే, వాడికి నేను సున్నా చుట్టే ఉంటాను.

కాఫీ తాగి మా అబ్బాయి రబ్బరు బంతి తీసుకుని కత్తిపీట మీద రెండు ముక్కలు చేశాను. వాడు ఏడుపు లంకించుకున్నాడు. కొత్తది కొంటానని ఒట్టు పెట్టి, కిరాణా కొట్లో కట్టే పురికొస ఉండ ఒకటి తెప్పించాను. సగం బంతిని బోర్లించి, మైదా జిగురు రాసి, నడినెత్తి నుంచి మొదలుపెట్టి కింది అంచు దాకా దారం చుట్టాను. అంచు దగ్గర కోసేశాను. తర్వాత ఆ బంతి అంచునే కాగితం మీద పెట్టి రెండు వృత్తాలు గీశాను. బంతి మీది దారం విప్పి, ఆ వృత్తాల్లో మధ్యలోంచి చుట్టుకుంటూ అంటించాను. మొదటిది నిండింది. రెండోది నిండుతూ వచ్చింది. రెండో వృత్తం అంచుకి చేరేసరికి నా వేళ్ళ మధ్య జానెడు దారం మిగిలింది. జిగురు చేతులతో నేను చుట్టిన తీరుకి ఆ జానెడు లెక్కలోది కాదు.

మావారు డ్యూటీ దిగి వచ్చేసరికి నేను నేల మీద కూర్చుని ఉన్నాను. "వంటేటి సెయ్యలేదా?" అన్నారాయన. తర్వాత బంతి చూసి, "ఇదేటి, పిల్లోడి బంతి కోసీసావు?" అన్నారు. రెండే పడుతుందండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఒకేసారి సంతోషమూ ఏడుపూ వచ్చాయి. సంతోషం ఎందుకంటే, రెండు పై ఆర్ స్క్వేర్ అని నేను వేలసార్లు రాసింది మొదటిసారి నిజమైన వస్తువైంది. ఏడుపెందుకంటే, నాకు ఇన్నేళ్ళూ అది తెలియదు. తెలియకుండానే ఎర్రసిరా వాడుతున్నాను.

తర్వాతి ఆదివారం ఆ సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేసి, అందరి ముందూ కాగితం ఆయన చేతికిచ్చాను. "తప్పు నాది. మీరు రాసిందే ఒప్పు. నేను చెప్పింది తప్పు," అన్నాను. ఈ మూడు ముక్కలు అనడానికి నేను ఇంటి దగ్గర అద్దం ముందు అభ్యాసం చేసి వచ్చాను.

"అయ్యో, అలగనకండి మేడమండి," అని ఆయన కంగారుపడ్డాడు. వెంటనే, అదే ఊపిరిలో, "మరి రెండే ఎందుకు పడతాదండి? మా అయ్యని అడిగితే పడతాది గదా అన్నాడు గానీ ఎందుకో సెప్పనేదు," అన్నాడు.

"నాకు తెలీదు," అన్నాను. తరగతి ముందు నిలబడి నేను ఆ మాట అనడం అదే మొదలు. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. ఐదుగురు కుర్రాళ్ళూ కొంచెం ముందుకి జరిగి కూర్చున్నారు, అంతే.

ఆ మధ్యాహ్నం మేం ఏడుగురం కలిసి దాన్ని పట్టుకున్నాం. దారి చూపించింది ఆయనే. పురి పక్కగోడ ఎత్తు అడుగు వెడల్పులో సగం ఉంటే, గోడకి ఎంత తాడో నెత్తికీ అంతే తాడు పడుతుందని ఇంకో సంగతి చెప్పాడు. నిటారు గోడా గుండ్రటి నెత్తీ ఒకటే ఎలా అవుతాయని ఒక కుర్రాడు అడిగాడు.

"నెత్తి మీద పైకెల్లేకొద్దీ వరస పొట్టిదయిపోతాది, బావా. గానీ నెత్తి వొంగిపోతాది గదా, అదే ఎత్తు ఎక్కడానికి వరసలు ఎక్కువ పడతాయి. గోడకయితే వరసలన్నీ పొడుగే, గానీ తక్కువ పడతాయి. అదీ ఇదీ సరిపోతాది," అని చేతులతో గాలిలో చుట్టి చూపించాడు.

నా చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. వరస ఎంత పొట్టిదవుతుందో, వరసల సంఖ్య సరిగ్గా అంత పెరుగుతుందా? బల్ల మీద సగం వృత్తం గీసి, రెండు త్రిభుజాలు గీసి చూశాను. సరిగ్గా అంతే పెరుగుతోంది, వీసమెత్తు తేడా లేదు. కాబట్టి అర్ధగోళం నెత్తికి పట్టే రేకూ, అంతే ఎత్తున్న గోడకి పట్టే రేకూ ఒకటే. గోడని విప్పితే దీర్ఘచతురస్రం, దాని వైశాల్యం ఎవరైనా కడతారు. అది అడుగుభాగానికి రెండింతలు. అయిపోయింది.

నాకు కేక వేయాలనిపించింది. మందిరం కాబట్టి ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆదివారాలు నేను నిద్ర కోసం ఏడవలేదు. ఒక వారం బత్తాయి వొలిచి, తొక్క ముక్కలన్నీ పరిస్తే ఆ కాయంత వెడల్పు వృత్తాలు నాలుగు నిండాయి. పూర్తి గోళానికి నాలుగు ఎందుకో కుర్రాళ్ళు నేను చెప్పకుండానే చెప్పారు. శంకువుకి వేరుశనక్కాయల పొట్లం విప్పి చూపించాను. విప్పిన కాగితం అంచు నుంచి మొన దాకా ఉన్న పొడవే ఏటవాలు ఎత్తని చూశాక, రైతు ఇంకెప్పుడూ నిలువెత్తు వేయలేదు. ఆయన లెక్క కట్టే పద్ధతి ఒకటే. ఏ ఆకారం ఇచ్చినా ముందు అడుగుభాగం వైశాల్యం కట్టేవాడు, తర్వాత అలాంటివి ఎన్ని పడతాయో ఆలోచించేవాడు. "సూత్రం రాయాలా అండి?" అని అడిగితే, "అక్కర్లేదు, మీ పద్ధతే మంచిది," అన్నాను.

ఇక్కడే నేను ఆయనకి చెయ్యబోయిన చెరుపు ఉంది. నా స్వభావం అంత. నిన్నటిదాకా సూత్రం తప్ప ఇంకోటి పనికిరాదన్నదాన్ని, ఇవాళ సూత్రమే పనికిరాదన్నాను. పేపరు దిద్దేవాళ్ళకి నా వరండాలో జరిగింది తెలియదని నాకు తోచలేదు.

రాతపరీక్ష అయింది. మూడు వారాల తర్వాత నోటి పరీక్షకి ఆరుగురినీ పిలిచారు. ఆ రోజు నేను బడిలో మూడో పీరియడ్ చెబుతుండగా రైతు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి తడిసిపోయింది. సైకిలు మీద తిన్నగా అక్కడి నుంచే వచ్చాడు. పిల్లలకి లెక్క ఇచ్చి వరండాలోకి వచ్చాను.

"ఏమైంది?"

"దొంగ అనుకున్నారండి నన్ను."

అక్కడున్న బెంచీ మీద కూర్చుని, మొత్తం చెప్పమన్నాను.

పరీక్షలో పెద్ద లెక్క ఒకటి వచ్చిందట. కింద స్థూపం, పైన అర్ధగోళం ఉన్న తొట్టి. వ్యాసార్ధం ఒకటి పాయింట్ నాలుగు మీటర్లు, స్థూపం ఎత్తూ అంతే. అడుగు వదిలేసి బయటంతా రేకు తొడగాలి, ఎంత రేకు? ఆయన అడుగుభాగం ఆరు పాయింట్ ఒకటి ఆరు అని కట్టి, నాలుగుతో గుణించి, ఇరవై నాలుగు పాయింట్ ఆరు నాలుగు అని రాసి ఊరుకున్నాడు. నోటి పరీక్ష కర్మాగారం లోపలి రేకుల షెడ్డులో. బల్ల వెనక ఇద్దరు ఆఫీసర్లు. పెద్దాయన చేతిలో ఈయన పేపరు.

"సూత్రం నేదు, స్టెప్పులు నేవు, జవాబు మాత్తరం ఉంది. ఎవరి పేపరు సూసి రాసేవు? అన్నాడండి ఆయన."

"మీరేమన్నారు?"

"ఎవరి పేపరూ సూడనేదండి అన్నాను. నాలుగెందుకు ఏసేవు అని మల్లీ అడిగాడు. గోడకి రెండు, నెత్తికి రెండు అన్నాను. ఎవరు సెప్పారు అన్నాడు. మా అయ్య అన్నాను. పురి సంగతి సెప్పాను. రెండో ఆయన నవ్వీసాడండి. పెద్దాయన నవ్వనేదు. పురి ఎక్కడ కట్టీవోలు అన్నాడు. మా ఊల్లో అన్నాను. ఏ ఊరు అన్నాడు. సెప్పాను. ఆ ఊరెక్కడుంది, నానెప్పుడూ విన్నేదే అన్నాడు."

ఆయన నుదురు తుడుచుకున్నాడు.

"ఇదేనండి అన్నాను మేడమండి. ఈ రేకుల షెడ్డు మా కల్లంలోనే ఏసేరండి, మీ బల్ల ఉన్న కాడికి నాలుగడుగులు తూరుపుగా మా పురి ఉండీదండి అన్నాను. దబాయించి అన్నేదండి. అడిగాడు గదా అని సెప్పాను."

క్లాసులో పిల్లలు గోల మొదలుపెట్టారు. నేను వినిపించుకోలేదు.

"అప్పుడు?"

"పెద్దాయన కాయితం తిరగేసి, పెన్సిలుతో బొమ్మ గీసుకుని ఏదో కట్టుకున్నాడు. సానాసేపు కట్టేడు. నాలుగే అన్నాడు, రెండో ఆయనతో. తరవాత శంకువు అడిగాడు, పొట్లం విప్పినట్టు సెప్పాను. ఎల్లమన్నాడు. అంతేనండి. పాసో ఫెయిలో మొకం సూత్తే తెల్నేదు."

రాని సూత్రాన్ని ఎలాగోలా నేర్పించి ఉంటే ఆ పెద్దాయన నుంచి ఆ మాట పడే పనే ఉండేది కాదు. ఆ సంగతి ఆయనకి చెప్పాను. మీకు ఉద్యోగం రాకపోతే దానికి కారణం నేనే అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సూత్రం రాసుంటే నానూ ఆ అయిదుగురి నాగే రాసీవోడినండి. నన్నెవరూ మా ఊరేదని అడిగీవోరు కాదు," అన్నాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నుంచి సిమెంటు పని ఉందట.

ఆ నెల రోజులు నేనెవరినీ తిట్టలేదు. చింతబరికెకి జబ్బు చేసిందని పిల్లలు అనుకున్నారు. నల్లబల్ల ముందు నిలబడితే, వచ్చే ఏడాది ముప్ఫై అయిదు నిండిపోయే ఆ మనిషే కళ్ళ ముందు ఉండేవాడు. పరీక్షంటే భయభక్తులతో ఉండేలా పెంచారు నన్ను. ఆ భయాన్ని ఆయన దగ్గర నేను తీసేశాను. తీసేసినందుకు మెచ్చుకోవాలో చెంపలు వేసుకోవాలో తెలియలేదు.

జాబితా పెట్టిన రోజు మళ్ళీ ఆదివారమే. ఆరాధన అయి అందరూ మెట్లు దిగుతున్నారు. కుర్రాళ్ళు నలుగురు పరిగెత్తుకుంటూ వచ్చారు, తమకి వచ్చిందని. ఐదోవాడికి రాలేదు, వాడికి వయసుంది, మళ్ళీ రాయవచ్చు. రైతు గురించి అడిగితే, బోర్డు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు, బావ ఎనకాల ఉండిపోయాడు, మావు సూడనేదు అన్నారు. వాళ్ళ మీద ఒంటికాలిమీద లేచాను. నెల రోజుల కోపం ఆ నలుగురి మీదా పడింది.

అంతలో ఆయన వచ్చాడు. పక్కన భార్య, ఆమె చెరో చెయ్యీ పట్టుకుని ఇద్దరు ఆడపిల్లలు. గేటు దగ్గర సైకిలు స్టాండు వేసి, తీరిగ్గా తాళం కూడా వేసి మరీ వచ్చాడు. ఆ తాళం వేసినంత సేపూ నేను పడ్డ అవస్థ చెప్పలేను.

"ఆఖరి పేరండి," అన్నాడు. "మొత్తం జాబితాలో అట్టడుగున. నాకు వొచ్చుంటే ఆడే ఉంటాదని, నాను కింద నుంచి సదవడం మొదలెట్టానండి. నా పేరే ముందొచ్చీసింది."

నేను నవ్వాను. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, మెట్ల మీద, మా మందిరంవాళ్ళందరి ముందూ. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి సిమెంటుకి పగిలి గరగరలాడుతోంది.

పెద్దపిల్ల తండ్రి చొక్కా లాగింది. "అది సెప్పు నాన్నా," అంది.

"ఆ, అదొకటండి," అన్నాడాయన. "పేరొక్కటే కాదండి, పక్కన అయ్య పేరూ, ఊరి పేరూ కొట్టేరు మిసన్లో. మా ఊరి పేరు ఇంకెక్కడా నేదండి. బస్సు మీద నేదు, పోస్టాఫీసులో నేదు. ఆ జాబితాలో ఉంది. మా అయ్య పేరు పక్కనే ఉంది. ఈల్లని ఎత్తుకుని సూపించాను."